గ్రీన్‌విచ్: ఒక పేరు, పెక్కు అర్థములు

విదేశ ప్రసారముల వేళలు గమనించు శ్రోతలకు “గ్రీన్‌విచ్ కాలమానము ప్రకారము” అను మాట చిరపరిచితము. ఈ గ్రీన్‌విచ్ అనునది ఊరా, కాలమా, భూగోళముపై గీతయా? మూడును నిజమే. ఒక్క పేరు ఇన్ని అర్థముల నెట్లు సంపాదించుకొన్నదో విచారింతము.

లండను మహానగరమున థేమ్సు నదికి దక్షిణపు టొడ్డున నున్న ప్రాంతమిది. ప్రాచీనాంగ్లమున “గ్రేనె” యనగా పచ్చనిది. “విక్” అనగా నివాసము, వర్తకస్థానము. నార్విచ్, ఇప్స్‌విచ్ అను ఊళ్ల పేర్ల చివర నున్నదియు నీ పదమే. తినుబండారముగా మన మెరిగిన శాండ్‌విచ్ కూడ మొదట కెంటు మండలములోని యొక ఊరు. మనము గ్రీన్‌విచ్ అని వ్రాసినను ఆంగ్లేయులు పలుకునది “గ్రెనిచ్” అని.

1675లో రెండవ చార్లెసు రాజు ఇచ్చటి గుట్టపై వేధశాలను నెలకొల్పెను. నడిసముద్రమున ఓడలు తమ రేఖాంశము నెరుగుటకు తోడ్పడుట దాని ముఖ్యోద్దేశము. 1833 నుండి దినదినము మధ్యాహ్నము ఒంటిగంటకు స్తంభముపై నుండి గోళమును జారవిడుచుచుండిరి. నావికులు దానిని చూచి గడియారములు సరిచేసికొనిరి. 1884లో వాషింగ్టను నగరమున 25 దేశముల ప్రతినిధులు సమావేశమైనపుడు, 22 దేశముల సమ్మతితో ఈ ఊరి రేఖయే శూన్యరేఖాంశ మయ్యెను. ఓడలలో అధికభాగము అప్పటికే దీని ననుసరించిన పటములను వాడుచుండుట అందులకు ముఖ్యకారణము. 1924 ఫిబ్రవరి 5న బి.బి.సి. ఆరు చిరునాదముల కాలసంకేతమును ప్రారంభించుటతో ఈ పేరు ఇంటింట ప్రవేశించెను.

మన దేశకాలమునకు ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. ఆ రేఖ ఆంధ్రప్రదేశమున తుని పట్టణ సమీపమున పోవును. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున, మనము గ్రీన్‌విచ్ కంటె అయిదున్నర గంటలు ముందున్నాము.

ఇచ్చట నొక హెచ్చరిక. గ్రీన్‌విచ్ కాలమును లండను కాలమును ఎల్లపుడు ఒకటి కావు. మార్చి చివరి ఆదివారము మొదలు అక్టోబరు చివరి ఆదివారము వరకు బ్రిటనులో గడియారములను గంట ముందునకు జరుపుదురు. అపుడు లండనులో పండ్రెండైనచో మనకు సాయంత్రము నాలుగున్నర; గ్రీన్‌విచ్ లెక్కన పండ్రెండైనచో అయిదున్నర. ఈ భేదమును మరచినచో, కోరిన కార్యక్రమము ముగిసిన పిమ్మట రేడియో తెరచుట సంభవించును.

నేడు వేధశాల ప్రదర్శనశాలగా మారినది. లోకమునకు కాలమును నిర్ణయించునవి పరమాణు గడియారములు. ఉపగ్రహముల లెక్కలో శూన్యరేఖయు పాత గీతకు సుమారు 100 మీటర్లు తూర్పున నున్నది. అయినను వేళ చెప్పునపుడు లోకము ఆ పచ్చని యూరి పేరు నింకను విడువలేదు.