నిదానమే ప్రధానం

ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడాన్ని ‘నిదానం’ అంటారు. తెలుగు వాడుకలో అదే మాటకు తొందరపాటు లేకపోవడం అని అర్థం. ‘నిదానమే ప్రధానం’ అనే సామెతను ఈ రెండు అర్థాలలోనూ గ్రహించవచ్చు. మానవదేహానికి వర్తించే ఈ సూత్రం యంత్రానికి కూడా వర్తిస్తుంది. ఉదయం స్టార్టు చేయగానే వణికి, కొన్ని నిమిషాల తరువాత తనంతట తానే కుదుటపడే పెట్రోలు కారు ఇంజను ఇందుకు చక్కని నిదర్శనం.

ఒక అద్దెకారు డ్రైవరు సంగతి ఊహించండి. తెల్లవారగానే అతని కారు ఇంజను వణుకుతుంది, ఒక్కొక్కసారి ఆగిపోతుంది. మెకానిక్కు ఊహ మీద ఆధారపడి మొదట స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. తరువాత ఇగ్నిషన్ కాయిల్, ఆ తరువాత పెట్రోలు పంపు మార్చాడు. ప్రతిసారీ డబ్బు ఖర్చయింది. ఒక రోజు కిరాయి పోయింది. వణుకు మాత్రం పోలేదు. ఇక్కడ లోపించినది పనితనం కాదు, నిదానం.

మొదట ‘చల్లని ఇంజను’ అంటే ఏమిటో తెలుసుకోవాలి. చలికాలంలో ఉన్న ఇంజను అని మాత్రమే దీని అర్థం కాదు. నడుస్తున్న ఇంజనులోని కూలెంటు సుమారు 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. ఆ వేడితో పోలిస్తే మే నెలలో విజయవాడలో, 30 డిగ్రీల ఉదయపు వాతావరణంలో రాత్రంతా నిలిచి ఉన్న కారు కూడా చల్లనిదే. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో అది ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి లోపం మరింత స్పష్టంగా బయటపడుతుంది.

ద్రవరూపంలో ఉన్న పెట్రోలు సరిగా మండదు. అది ఆవిరై గాలితో కలవాలి. బరువును బట్టి ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొంత పెట్రోలు ఆవిరి కాకుండా లోపలి గోడలకు అంటుకొని ఉండిపోతుంది. అందువల్ల ఆ సమయంలో పెట్రోలు ఎక్కువగా అందించాలి. కార్బురేటరు ఉన్న స్కూటరుకు చోక్ లాగి కిక్ కొట్టడంలోని రహస్యం ఇదే. చోక్ గాలిని తగ్గించి, మిశ్రమంలో పెట్రోలు పాలును పెంచుతుంది. 1983లో మన దేశంలో విడుదలైన మారుతి 800 కారులో కూడా మొదట కార్బురేటరే ఉండేది. నేటి కార్లలో ఈ పనిని కంప్యూటరు నిర్వహిస్తుంది. కూలెంటు వేడిని ఒక సెన్సారు తెలియజేస్తే, దానిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది.

అయితే ఇంజను వేడెక్కగానే వణుకు ఎందుకు తగ్గుతుంది? పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు సుమారు 300 డిగ్రీలు దాటితేనే సరిగా పనిచేస్తుంది. అంతవరకు కంప్యూటరు ముందే నిర్ణయించిన లెక్కలనే అనుసరిస్తుంది. సెన్సారు మేల్కొన్న తరువాత మిశ్రమంలోని హెచ్చుతగ్గులను గుర్తించి దిద్దుకుంటుంది. అంటే లోపం పోలేదు. దిద్దుబాటు చాటున దాగింది. కాబట్టి పరీక్షలన్నీ రాత్రంతా నిలిపి ఉంచిన కారుపై, ఉదయమే మొదలుపెట్టాలి.

ఖర్చులేని పరీక్షలు ముందు, ఖరీదైన మార్పులు చివర జరగాలి. మొదట స్కానరుతో కంప్యూటరులో నమోదైన లోప సంకేతాలను చదవాలి. పి0171 అనే సంకేతం మిశ్రమంలో పెట్రోలు పాలు తక్కువగా ఉందనీ, పి0300 సిలిండర్లలో మిస్‌ఫైర్ జరుగుతున్నదనీ సూచిస్తాయి. తరువాత, ఇంజను స్టార్టు చేయకముందే స్కానరులో కూలెంటు వేడిని చూడాలి. అది బయటి గాలి వేడికి దాదాపు సమానంగా ఉండాలి. చల్లని ఉదయాన అది 70 డిగ్రీలు చూపితే ఆ సెన్సారునో, దాని తీగలనో అనుమానించాలి. ఇంజను వేడిగా ఉందని భ్రమించిన కంప్యూటరు పెట్రోలును తగ్గిస్తుంది మరి.

మూడవదిగా, ఇంజనుకు గాలిని అందించే మానిఫోల్డు చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలను పరిశీలించాలి. పగులు ఉన్నచోట ‘స్‌స్’ మనే శబ్దం వినిపించవచ్చు. అక్కడినుండి చొరబడే అదనపు గాలి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. నాలుగవదిగా, థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసిని శుభ్రం చేయాలి. ఆ తరువాత ప్లగ్గులను విప్పి చూడాలి. కొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. నల్లని మసి ఎక్కువ పెట్రోలుకు, పెట్రోలు తడి మంట అంటుకోకపోవడానికి గుర్తులు. కాయిల్ మీద అనుమానం ఉంటే ఇంజను ఆపి, దానిని పక్క సిలిండరుకు మార్చి చూడాలి. లోపం కూడా దానితోపాటు మారితే కాయిలే కారణం. ఇవన్నీ సరిగా ఉంటేనే ఇంజెక్టర్లను, కంప్రెషన్‌ను పరీక్షించాలి.

ఈ పరీక్షలలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మూసి ఉన్న షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు; అది ప్రాణాలు తీస్తుంది. తిరిగే ఫ్యాను, బెల్టుల దగ్గరకు చేతులు, వదులు దుస్తులు పోనీయరాదు. వేడి రేడియేటరు మూత తెరవరాదు.

వేడెక్కితే వణుకు తగ్గుతుందికదా అని ఉపేక్షించడం కూడా పొరపాటే. మండని పెట్రోలు పొగగొట్టంలోని ఖరీదైన కేటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది, వాయుకాలుష్యాన్ని పెంచుతుంది.

పైన చెప్పిన డ్రైవరు కారులో చివరకు దొరికిన లోపం ఇంజను వెనుక పగిలిన ఒక చిన్న రబ్బరు గొట్టం. ముందుగా మార్చిన మూడు భాగాలూ నిర్దోషులే. మెకానిక్కు మొదటి ఉదయమే కొంతసేపు చెవియొగ్గి ఉంటే ఆ ఖర్చంతా మిగిలేది. వస్తువును మార్చడం చేతిపని. మార్చవలసినది ఏదో తెలుసుకోవడం బుద్ధిపని. ఈ రెండూ కలిసినప్పుడే వృత్తికి గౌరవం, వాహనానికి ఆయుష్షు లభిస్తాయి.