అనుమానాస్పద మరణములు - మేజిస్ట్రేటు విచారణ

గ్రామములో ఎవరైనను ఉరి వేసికొనిగాని, నూతిలో పడిగాని, పాముకాటు వలనగాని మరణించినప్పుడు, లేక పొలిమేరలో ఒక శవము కనిపించినప్పుడు, మరణకారణమును విచారించు అధికారము ఎవరిది? ఇంటివారిది కాదు, కులపెద్దలది కాదు, పంచాయతీది అంతకన్నను కాదు. చట్టము ఆ పనిని కొన్ని సందర్భములలో పోలీసువారికిని, కొన్నింటిలో మేజిస్ట్రేటులకును ఒప్పగించినది. అయితే తొలి కబురు అందజేయవలసిన విధి మాత్రము పంచాయతీ సభ్యులకు కలదు.

పూర్వము ఈ కబురు పంపు పని కోస్తా, రాయలసీమ జిల్లాలలో గ్రామ మునసబు, తెలంగాణములో పోలీసు పటేలు చూచుచుండిరి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్య గ్రామాధికార పదవులను రద్దు చేసినది. అంతటితో ఈ బాధ్యత ఎవరికిని లేకుండ పోయినదని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను ప్రకారము, గ్రామములో ఆకస్మిక మరణముగాని, అసహజ మరణముగాని, అనుమానాస్పద మరణముగాని సంభవించినచో వెంటనే సమీప మేజిస్ట్రేటుకో, పోలీసు స్టేషను అధికారికో, ఎవరు దగ్గరనున్న వారికి తెలుపవలెను. ఈ విధి గ్రామవాసులందరికిని కలదు. గ్రామాధికారి యన్న మాటలో పంచాయతీ సభ్యుడును చేరునని చట్టమే వివరించుచున్నది. పాత చట్టములోను 40వ సెక్షనులో ఇదే విధి యుండెను.

కబురందిన పిమ్మట పోలీసు అధికారి మేజిస్ట్రేటుకు తెలిపి, ఇరుగుపొరుగున గౌరవనీయులైన ఇద్దరు లేక అంతకెక్కువమంది సమక్షమున శవ పంచనామా జరుపును. శరీరముపై గల గాయములు, దెబ్బలు, అవి ఏ ఆయుధముచేత కలిగినట్లు తోచుచున్నదో అందులో వ్రాయబడును. ఇచ్చట ఒక మాట. పంచనామాపై అందరును సంతకము చేసి తీరవలెనను నియమము లేదు. అందలి విషయముతో ఏకీభవించినవారే చేయవలెను. చదివించుకొని వినక, వ్రాసినదేమో తెలియక, మొగమాటముచే వ్రేలిముద్ర వేయుట తగదు.

వివాహమైన ఏడు సంవత్సరములలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, అనుమానము కలుగు పరిస్థితులలో మరణించినను పోలీసు పంచనామా ఒక్కటే చాలదు. అధికారము గల మేజిస్ట్రేటు స్వయముగా విచారింపవలెను. ఇట్టి మరణములలోనే పెద్దమనుషులు రాత్రికి రాత్రి రాజీ కుదిర్చి, తెల్లవారకముందే దహనము జరిపించుట అచ్చటచ్చట వినవచ్చుచున్నది. పాతిపెట్టిన శవమునైనచో మేజిస్ట్రేటు త్రవ్వించి పరీక్ష చేయింపగలడు. బూడిదనుండి డాక్టరు చెప్పగలిగినది స్వల్పము. ఎరిగియుండి కబురు దాచినవారు శిక్షకు పాత్రులగుదురు.

అన్నింటికన్న ముఖ్యమైన మార్పు నిర్బంధములో జరుగు మరణములకు సంబంధించినది. పోలీసు చెరలో మనిషి చనిపోయినచో, పోలీసువారి నడతనే విచారింపవలసి యుండును. పూర్వము ఆ విచారణ కార్యనిర్వాహక మేజిస్ట్రేటు చేయుచుండెను. ఆయన జిల్లా పరిపాలనలో భాగము. శాంతిభద్రతల విషయమున పోలీసువారితో కలిసి పనిచేయువాడు. ఆయన ఎంత నిష్పక్షపాతియైనను మృతుని కుటుంబమునకు ఆ విచారణపై నమ్మకము కుదురుట కష్టము. కావున 2005లో చట్టమును సవరించి, 2006 జూన్ 23 నుండి ఆ బాధ్యతను న్యాయ మేజిస్ట్రేటుకు బదిలీ చేసిరి. ఆయన హైకోర్టు అదుపులోనుండు న్యాయాధికారి. పోలీసు చెరలోనే కాక, కోర్టు ఉత్తర్వుపై ఉంచబడిన చెరలో మరణించినను, మనిషి కనబడకుండ పోయినను, స్త్రీపై అత్యాచారము జరిగినదను ఆరోపణ వచ్చినను ఆయనయే విచారించును. పోలీసు దర్యాప్తు దానితోపాటు వేరుగా సాగును. ఈ ఏర్పాటు ఇప్పుడు 196వ సెక్షనులో ఉన్నది.

ఇట్టి మరణము జరిగిన 24 గంటలలోపల శవమును ప్రభుత్వ వైద్యుని పరీక్షకు పంపవలెను. వీలుకానిచో కారణము వ్రాతమూలకముగా నుంచవలెను. విచారణ సంగతి మృతుని తల్లిదండ్రులకు, బిడ్డలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, భార్యకు లేక భర్తకు సాధ్యమైనంతవరకు తెలిపి, వారిని హాజరు కానీయవలెను. ఆ కుటుంబమువారు కూలికై దూరప్రాంతమునకు వలసపోయి యుండవచ్చును. అట్టిచో వారి చిరునామాను, టెలిఫోను నంబరును సేకరించి మేజిస్ట్రేటు కార్యాలయమున అందజేయుట పంచాయతీ సభ్యుడు చేయదగిన పని.