బీమా లేని బండి

గత మాసమున నొక సహకార సంఘముయొక్క సర్వసభ్య సమావేశమునందు ప్రత్తి విత్తనములగూర్చి మేము ప్రసంగించి కూర్చుండగానే, యొక వృద్ధ రైతు లేచి, "అయ్యా, మా ట్రాక్టరు పొలమునకును కళ్లమునకును తప్ప పట్టణమునకు పోదు. దానికి ఏటేట బీమా కట్టుట దండుగ గాదా?" అని యడిగెను. సభలో పలువురు తలలూపిరి. ప్రశ్న మా విషయమునకు చెందినది కాకపోయినను, సమాధానము చెప్పక వచ్చుట మాకు ధర్మముగా తోచలేదు. ఆనాడు చెప్పినదానినే కొంత విపులముగా నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట మే మెఱిగిన యొక సంగతి. ప్రత్తి తీతల కాలమున సంధ్యవేళ, బస్తాలతో నిండిన ట్రాలీ యొకటి బాట ప్రక్కన నిలుపబడి యుండెను. వెనుక దీపము లేదు, ఎఱ్ఱని మెఱుపు పట్టీయు లేదు. మోటారు సైకిలుపై నింటికి వచ్చుచున్న యొక కౌలు రైతు దానిని కానక గుద్దుకొని మరణించెను. ట్రాక్టరు బీమా గడువు దాటి రెండు నెలలైనది. పెద్దమనుష్యులు కూడి, అంత్యక్రియలకు కొంత సొమ్ము ఇప్పించి, తెల్లకాగితముపై మృతుని భార్యచేత వేలిముద్ర వేయించిరి. వారిలో నొకరు, బీమా ఉన్న మఱియొక ట్రాక్టరును పోలీసులకు చూపుదమనియు సలహా చెప్పిరి. అదృష్టవశమున అది జరుగలేదు. అట్లు చేసినచో దావా కొట్టివేయబడుటయే గాక, చూపినవారును, సాక్ష్యము చెప్పినవారును మోసమునకు శిక్షార్హు లగుదురు. తుదకు మృతుని కుటుంబము కోర్టు కెక్కెను. ట్రాక్టరు యజమాని పొలము నమ్ముకొనెను. ఒక బండికి బీమా లేమిచే రెండు కుటుంబములు చెడినవి.

ఈ బీమా కొత్తది గాదు. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునందే విధింపబడి, 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. నేడు అమలులో నున్నది 1988వ సంవత్సరపు చట్టము. దానినిబట్టి బహిరంగ స్థలమున నడుచు ప్రతి మోటారు బండికిని మూడవ పక్షపు బీమా ఉండితీరవలెను. మూడవ పక్ష మనగా మన బండివలన దెబ్బతినిన పరుడు. ఊరి డొంకయు, జనులు నడుచు బాటయు బహిరంగ స్థలములే గాన, "పట్టణమునకు పోదు" అను మాట చెల్లదు. బీమా లేక బండి నడిపినను, నడుపనిచ్చినను, మొదటి తప్పునకు 2,000 రూపాయల జుల్మానాగాని, మూడు నెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. మఱల చేసినచో జుల్మానా 4,000 రూపాయలు.

కాని భయపడవలసినది జుల్మానాకు గాదు. పరిహారమెంత యగునో లెక్క చూతము. నెలకు 12,000 రూపాయలు సంపాదించు 38 ఏండ్ల కష్టజీవి, భార్యయు బిడ్డలును తల్లియు గలిసి నలుగురిని పోషించువాడు, పరుని తప్పువలన మరణించెననుకొందము. ఏటి సంపాదన 1,44,000. ముందు పెరుగబోవు ఆదాయమునకై నూటికి 40 చేర్పగా 2,01,600. అతని సొంత ఖర్చుక్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,51,200. ఆ వయస్సునకు సుప్రీము కోర్టు 2009లో నిర్ణయించిన గుణకము 15. హెచ్చింపగా 22,68,000 రూపాయ లగును. అంత్యక్రియలు మొదలగువాని సొమ్ము దీనికి అదనము. మృతుని తప్పును కొంత యున్నచో ఆ మేరకు తగ్గును.

బీమా ఉన్నచో నీ సొమ్ము కంపెనీ చెల్లించును. లేనిచో బండి నడిపినవాడును, యజమానియు చెల్లింపవలెను. చెల్లింపనిచో ట్రిబ్యునలు కలెక్టరునకు సర్టిఫికెట్టు పంపును. కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయివలె వసూలుచేయును. భూమిశిస్తు బకాయి యన నేమో రైతులకు మేము చెప్పనక్కఱలేదు. మోటారు సైకిలుకైతే, 75 మొదలు 150 సీసీల లోపు బండికి 2022లో నిర్ణయింపబడిన మూడవ పక్షపు ప్రీమియము పన్ను గాక ఏడాదికి 714 రూపాయలు. ఏది దండుగయో చదువరులే యోచింపుడు.

బీమా కట్టినవారును నాలుగు విషయములందు జాగ్రత్త వహింపవలెను. ట్రాక్టరునకు బీమా ఉన్నంతమాత్రమున ట్రాలీకి ఉన్నట్లు కాదు. పాలసీలో దాని సంగతి వ్రాసి యున్నదో లేదో చూడుడు. ట్రాలీ సరకులకై యేర్పడినది. కూలివారినో పెండ్లివారినో దానిపై నెక్కించి బోల్తా పడినచో, ఆ నష్టము సామాన్యముగా యజమాని నెత్తిన పడును. బండి నమ్మినపుడు పుస్తక మిచ్చి సొమ్ము పుచ్చుకొనుట చాలదు. రవాణా కార్యాలయమున పేరు మారువఱకు, కొన్నవాడు చేసిన ప్రమాదమునకు అమ్మినవాడే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. నాలుగవది, పదునెనిమిదేండ్లు నిండని బాలునికి తాళము చేవి యీయరాదు. బాలుడు నేరము చేసినచో సంరక్షకునికిగాని యజమానికిగాని మూడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయును గలవు.

ఇక దెబ్బతినినవారి సంగతి. మొదటి పని ప్రాణరక్షణము. 108కి ఫోను చేసి గాయపడినవానిని దగ్గఱి ఆసుపత్రికి చేర్పుడు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకముచొప్పున, ఏర్పాటైన ఆసుపత్రులందు ప్రమాదము జరిగిన దినము మొదలు ఏడు దినములవఱకు, లక్షయేబదివేల రూపాయలకు మించకుండ, రొక్కము కట్టకయే చికిత్స పొందవచ్చును. గుద్దిన బండికి బీమా లేకున్నను ఇది వర్తించును. గాయపడినవానిని మంచి మనస్సుతో చేర్చినవానిపై చట్టము నేరము మోపదు. వాడు తన పేరు చెప్పవలెనను నిర్బంధమును లేదు. కావున భయపడి తొలగిపోవలదు.

రెండవది, బండి నంబరు, రంగు, జరిగిన వేళ వ్రాసికొని, బండ్లను కదుపకముందే ఫోనులో ఫొటోలు తీయుడు. చూచినవారి పేర్లు తెలిసికొనుడు. మూడవది, అదే దినమున పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసి, మొదటి సమాచార నివేదికయొక్క నకలు పుచ్చుకొనుడు. పెద్దమనుష్యులయెడ మాకు గౌరవమే గాని, వ్రాతలేని రాజీలును, తెల్లకాగితముపై వేలిముద్రలును అనాథలకు అన్నము పెట్టవు. ప్రమాదము జరిగిన పిమ్మట కొన్న పాలసీయు పనికిరాదు. అది పుట్టిన గంట దానిమీదనే వ్రాసియుండును.

నాలుగవది, జిల్లా కోర్టునందలి మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో ఆఱు మాసములలోగా దావా వేయుడు. 2022 ఏప్రిల్ 1 నుండి చట్టమున నీ గడువు చేర్పబడినది. ప్రమాదము దూరదేశమున జరిగినను మీరు నివసించు జిల్లాలోనే వేయవచ్చును. ఎద్దు చచ్చినను, బండి విఱిగినను ఆ నష్టమును గూడ అడుగవచ్చును. ఆసుపత్రి రసీదులు, ఆదాయపు ఋజువులు, కౌలు పత్రము భద్రపఱచుడు. మృతుడు ఏమి సంపాదించెనో చెప్పునవి అవియే.

గుద్దిన బండికి బీమా లేదని తెలిసినచో అధైర్యపడవలదు. ఆ బండిని ఠాణానుండి విడువరాదని వెంటనే వకీలుచేత కోరుడు. యజమాని తగిన జామీను ఈయనిచో బండిని వేలము వేసి, సొమ్మును ట్రిబ్యునలులో జమకట్టవలెనని 2018లో సుప్రీము కోర్టు ఆదేశించినది. అతని పొలమును, ఇతర ఆస్తిని విచారించి దావాలో చెప్పుడు. ఆస్తి చేతులు మారకముందే కోర్టు ఆపు వేయగలదు. గుద్దినవాడు బండితో పాఱిపోయి యెవరో తెలియనిచో వేఱు దారి కలదు. తహశీలుదారునకో, రెవెన్యూ డివిజను అధికారికో దరఖాస్తు చేసినచో, మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రభుత్వనిధినుండి లభించును. తెలిసిన బండికి బీమా లేనపుడు ఈ సొమ్ము రాదు గాన, రెంటిని కలగాపులగము చేసికొనవలదు.

ఒక్కొక్కరు జ్ఞాపకముంచుకొనుట కష్టము, సంఘమునకు సులభము. ప్రతి సంఘమును సభ్యుల ట్రాక్టర్లు, ట్రాలీలు, మోటారు సైకిళ్ల జాబితా యొకటి వ్రాసి, ఎదురుగా బీమా గడువు తేదీ వేయవలెను. నెలసరి సమావేశమున కార్యదర్శి రాబోవు గడువులను చదివి వినిపింపవలెను. బీమా కాగితము చూపని ట్రాక్టరును సంఘము కిరాయికి పిలువరాదు. ట్రాలీల వెనుక మెఱుపు పట్టీలు అంటించుట కొక దినము నియమించుట మంచిది.

సమావేశము ముగిసిన పిమ్మట ఆ వృద్ధ రైతు మాయొద్దకు వచ్చి, తన పాలసీ గడువు సంక్రాంతికే దాటినదని మెల్లగా చెప్పెను. ఆ సాయంకాలము ట్రాక్టరును సంఘపు గోదాము ముంగిటనే నిలిపి, మనుమని బస్సులో పట్టణమునకు పంపెను. మఱునాడు కాగితము వచ్చువఱకు దానిని కదుపలేదు. ఈ పుటను చదువుచున్న సభ్యులును ఇప్పుడే లేచి తమ కాగితముపై తేదీని చూతురుగాక.