గూటిలోని గుర్తులు
హజ్ నుండి తెచ్చుకున్న తస్బీహ్, తాతగారి బీదరీ పాన్‌దాన్, పెళ్ళినాటి అత్తరుదాన్ – అన్నిటినీ ఒకే అరలో కుక్కితే ఏదీ కంటికి ఆనదు. అరకు మూడు వస్తువులు చాలు. తెల్లగోడ ముందుంచితేనే బీదరీ నలుపులోని వెండి తీగ మెరుస్తుంది. దాన్ని బూడిదతో తోమరాదు, నలుపు చెదురుతుంది. కొబ్బరినూనె అద్దిన మెత్తని గుడ్డతో తుడవాలి.

చిక్కంతా ప్రాణుల బొమ్మలతోనే. గూటికి కట్టిన బొమ్మల తెరను దైవప్రవక్త (స) ఇష్టపడనప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని పారవేయలేదు, కోసి దిండ్లు కుట్టారు. కోడలి పుట్టింటి గుర్తులను వీధిలోకి విసిరే పెద్దలకు ఈ హదీసు గుర్తుండదు కాబోలు! మా కోడలు తెచ్చుకున్న పరదాపై నెమళ్ళుండేవి. మర్హూమా అయిన ఆమె తల్లి చేతికుట్టు. మేమూ మొదట దాన్ని దించి పెట్టెలో వేయించాం. ఇప్పుడా నెమళ్ళు మా దివాను దిండ్ల మీద ఉన్నాయి.