కాలేయంలో ఒక్క పనివాణ్ణి పట్టుకునేదెలా?

మన ఏజెన్సీ కొండల్లో ఉండే పిల్లలకు చలిజ్వరం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సీతంపేట వైపు ఒకే ఊరివాళ్ళు ఇద్దరికి వైవాక్స్ రకం మలేరియా వచ్చిందనుకుందాం. ఇద్దరూ ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులూ మానకుండా వేసుకున్నారు. ఒకరికి నయమైంది. రెండో వ్యక్తికి రెండు నెలల తరవాత జ్వరం తిరగబెట్టింది. దోమ మళ్ళీ కుట్టి ఉండవచ్చు. అలా కాకపోతే కారణం ఎక్కడ వెతకాలి? కాలేయంలో!

వైవాక్స్ పరాన్నజీవులు కొన్ని కాలేయ కణాల్లో నిద్రాణంగా దాగి ఉంటాయి. వాటిని చంపడానికే ప్రైమాక్విన్ ఇస్తారు. కాని మింగిన మాత్ర మింగినట్టే ఉంటే ఆ పని జరగదు. కాలేయంలోని 2డి6 అనే ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మార్చాలి. ఈ ఎంజైము పుట్టుకతోనే కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. మందకొడిగా ఉన్నవారిలో ప్రైమాక్విన్ వాడినా జ్వరం తిరగబెట్టినట్టు 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో కనబడింది.

మరి ఆ ఎంజైము చురుకుదనాన్ని కొలిచేదెలా?

2డి6 ఒంటరిది కాదు. అది సైటోక్రోమ్ పి450 అనే పెద్ద కుటుంబంలోది. మానవుడిలో ఈ కుటుంబానికి 57 జన్యువులు ఉన్నాయి. ఒకే మందు మీద వీటిలో రెండు మూడు ఎంజైములు చేయి వేయగలవు. ఇంతమందిలో ఒక్కరి పని విడిగా లెక్కకట్టాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా! ఒక ఊళ్ళో వీణ చేసేవారు పనిలో ఉన్నారో లేదో తెలియాలంటే, "ఈ ఊళ్ళో ఎన్ని పీటలు తయారయ్యాయి?" అని అడిగితే లాభంలేదు. పీట ఏ వడ్రంగి అయినా చేస్తాడు. "పనస దుంగ తొలిచి ఎన్ని వీణలు చేశారు?" అని అడగాలి. ఎంజైము విషయంలోనూ అంతే. అది తప్ప మరొకటి చేయలేని పనిని ఎన్నుకుని, దాన్ని కొలవాలి. ఇటువంటి చర్యనే శోధక చర్య అంటారు.

ప్రైమాక్విన్‌నే శోధకంగా వాడకూడదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని రెండు చిక్కులున్నాయి. దాని మీద వేరే కుటుంబపు ఎంజైములు కూడా పనిచేస్తాయి. పైగా 2డి6 తయారుచేసే పదార్థం నిలకడ లేనిది. కొలిచేలోగా మరొకటిగా మారిపోతుంది.

అందుచేత శాస్త్రజ్ఞులు దగ్గుమందుల్లో వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను ఎన్నుకున్నారు. దీని అణువులో ఒక మిథైల్ సమూహం ఆక్సిజన్‌కు, మరొకటి నైట్రోజన్‌కు అంటుకుని ఉంటాయి. ఆక్సిజన్ వైపు మిథైల్‌ను ముఖ్యంగా 2డి6 తొలగిస్తుంది. అప్పుడు డెక్స్‌ట్రార్ఫాన్ అనే నిలకడైన పదార్థం వస్తుంది. నైట్రోజన్ వైపుదాన్ని ముఖ్యంగా 3ఎ4 అనే ఎంజైము తీస్తుంది. కాబట్టి దగ్గుమందు ఎంత ఖర్చయిందో చూస్తే చాలదు, ఏ పదార్థం తయారైందో చూడాలి. ఎన్నుకునేది పదార్థాన్ని కాదు, చర్యను!

ప్రయోగం ఎలా చేస్తారు?

మార్పిడికి పనికిరాని దాన కాలేయాన్ని మెత్తగా చేసి, అపకేంద్ర యంత్రంలో తిప్పుతారు. మొదట బరువైన భాగాలు అడుగుకు చేరతాయి. పైన మిగిలిన ద్రవాన్ని గురుత్వ బలానికి లక్ష రెట్ల బలంతో మళ్ళీ తిప్పితే అంతర్జీవద్రవ్య జాలకపు తునకలు పేరుకుంటాయి. వీటిని మైక్రోసోములు అంటారు. మన ఎంజైములు ఉండేది వీటిలోనే. వీటికి కొద్దిగా డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ఎంజైముకు శక్తినిచ్చే ఎన్.ఎ.డి.పి.హెచ్. కలిపి, శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కొన్ని నిమిషాలు ఉంచుతారు. తరవాత చర్యను ఆపి, డెక్స్‌ట్రార్ఫాన్‌ను కొలుస్తారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. మందు ఎక్కువ పోయకూడదు. పని మరీ ఎక్కువైతే పక్కవాళ్ళు కూడా చేయి వేసినట్టు, ఇతర ఎంజైములు అందుకుంటాయి. ఎక్కువసేపు ఉంచకూడదు. మందు తరిగిపోతే చర్య వేగం పడిపోతుంది. తప్పు ఎంజైముది అనిపిస్తుంది.

చివరగా సాక్ష్యం కావాలి. సింకోనా చెట్టు బెరడులో మలేరియాకు వాడే క్వినైన్‌తోపాటు క్వినిడిన్ కూడా ఉంటుంది. క్వినిడిన్ 2డి6ను గట్టిగా నిరోధిస్తుంది. దాన్ని ఒక చుక్క కలపగానే డెక్స్‌ట్రార్ఫాన్ తయారీ దాదాపు ఆగిపోతే, ఇంతవరకు ఆ పని చేసింది 2డి6 అని రుజువైనట్టే. ఒక కొత్త మందు ఈ ఎంజైమును అడ్డుకుంటుందా అన్నది కూడా, క్వినిడిన్ స్థానంలో ఆ మందును కలిపి తెలుసుకుంటారు. మనిషికి ఇవ్వకముందే పరీక్షనాళిక హెచ్చరిస్తుందన్నమాట.

జ్వరం తిరగబెట్టిన ప్రతివారిలోనూ తప్పు ఎంజైముదే అనుకోకండి. మాత్రలు మధ్యలో మానేసినా అదే జరుగుతుంది. కాని 14 రోజులూ వేసుకున్నానని చెప్పే రోగిని "అబద్ధమాడుతున్నావు" అని గద్దించే ముందు, అతని కాలేయాన్ని కూడా ఒకసారి తలచుకోవాలి.