నొప్పి మాత్ర, కిడ్నీ, ఉప్పు: దాతలు తెలుసుకోవలసిన సంగతి



మా వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తుల్లో డయాలసిస్ కోసం వచ్చేవి మనసును ఎక్కువగా కలచివేస్తాయి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు యంత్రం పక్కన గడపాలి. ఆ కష్టం రోగి ఒక్కరిదే కాదు, ఇంటిల్లిపాదిదీ. కిడ్నీ జబ్బుకు షుగర్, బీపీ ముఖ్య కారణాలని చాలామందికి తెలుసు. అప్పటికే బలహీనపడిన కిడ్నీని మరింత దెబ్బతీసే వస్తువు ఒకటి మన ఇళ్లలోనే ఉంటుంది. అదే నొప్పి మాత్ర.

ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి మాత్రలన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఎక్కడికక్కడ తయారవుతుంటాయి. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపారు. ఈ పదార్థాలపై జరిగిన పరిశోధనకు ఆయనకు, మరో ఇద్దరికి 1982లో నోబెల్ బహుమతి లభించింది. మోకాలిలో ఇవి నొప్పిని, వాపును పెంచుతాయి. కిడ్నీలో మాత్రం కాపలాదారుల్లా పనిచేస్తాయి. మాత్రకు ఆ తేడా తెలియదు. రెండు చోట్లా వీటిని తగ్గించేస్తుంది.

కిడ్నీలకు నిమిషానికి సుమారు ఒక లీటరు రక్తం చేరుతుంది. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో 99 శాతం తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, గుండె బలహీనంగా ఉన్నప్పుడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అలాంటి వేళ కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వల్ల అవి తగ్గితే వడపోత పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు రెండు రోజులు మాత్ర వేసుకుంటే సాధారణంగా ఏమీ కాకపోవడానికీ, వృద్ధులకు, షుగర్ రోగులకు అదే మాత్ర ప్రమాదం కావడానికీ కారణం ఇదే.

రెండో సంగతి ఉప్పు. ప్రోస్టాగ్లాండిన్లు అదనపు ఉప్పును మూత్రంలో పోనిస్తాయి. అవి తగ్గితే ఉప్పు ఒంట్లోనే నిలిచిపోతుంది, దాని వెంట నీరూ నిలుస్తుంది. కాళ్లు వాస్తాయి, బరువు పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. రోజూ వేసుకునే బీపీ మందు కూడా సరిగా పనిచేయదు.

మూడోది హార్మోన్ల సంగతి. కిడ్నీ రెనిన్‌ను విడుదల చేయడానికి ప్రోస్టాగ్లాండిన్లు తోడ్పడతాయి. రెనిన్ తగ్గితే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను కూడా తగ్గుతుంది. పొటాషియాన్ని బయటికి పంపించేది ఆ హార్మోనే. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

లోసార్టాన్, టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్ వంటి బీపీ మాత్ర, నీరు పోయించే మాత్ర, నొప్పి మాత్ర – ఈ మూడూ ఒకేసారి వాడితే ముప్పు మరీ ఎక్కువ. వేసవిలో రోజా ఉన్నవారికి, వాంతులు విరేచనాలతో నీరసించినవారికి ఇంకా జాగ్రత్త అవసరం. కిడ్నీ జబ్బు ఉన్నవారు రోజా ఉండవచ్చా, ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, పండ్లు ఎన్ని తినవచ్చు అన్నది ముందే డాక్టరును అడగాలి. రోగికి రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. మోకాళ్లు సహకరించక సజ్దా చేయలేని పెద్దలు రోజూ మాత్ర మింగి నమాజుకు నిలబడనక్కరలేదు. కూర్చుని చదివే అనుమతి వారికి ఉంది.

ఇలా చెప్పామని ఎవరూ నొప్పిని భరిస్తూ కూర్చోవద్దు. తగిన మోతాదులో పారాసిటమాల్, కాపడం, వ్యాయామం, పైపూత మందు వంటి దారులు డాక్టరు చెబుతారు. గుండె కోసం రాసిచ్చిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానవద్దు. నొప్పి మాత్ర మొదలుపెట్టాక మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా వెంటనే డాక్టరుకు చూపించాలి. తొందరగా మాత్ర ఆపితే చాలామందిలో కిడ్నీ తిరిగి కోలుకుంటుంది.

దాతలకు మా విన్నపం ఒక్కటే. ఉచిత వైద్య శిబిరానికి మందులు ఇప్పించాలనుకునేవారు బీపీ పరీక్షకు, క్రియాటినిన్ రక్తపరీక్షకు, మూత్రపరీక్షకు కూడా కొంత కేటాయించండి. ఆ పరీక్షలు చూశాకే నొప్పి మాత్ర ఇవ్వమని వైద్యులను కోరదాం. డయాలసిస్‌కు సాయం చేయడం గొప్ప పుణ్యం. ఒక మనిషికి ఆ అవసరమే రాకుండా కాపాడడం అంతకు తక్కువది కాదు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.