యంత్రము పెట్టెలోనే యేల?

పిల్లలు ముచ్చటపడి కొని తెచ్చిన వినికిడి యంత్రము బీరువాలోని డబ్బీలో నిద్రించుచుండుట పెక్కు యిండ్లలో చూచుచున్నదే. గుడివాడ చేరువనున్న పల్లెలో మే మెరిగిన యొక వృద్ధురాలు బెజవాడకు బోయి యంత్రము పెట్టించుకొని, వారము దినములలోనే తీసివైచెను. "ఏమి పిన్నిగారూ, వినబడుట లేదా?" యని యడిగితిమి. "అన్నియు వినబడుచున్నవమ్మాయీ, మనుమరాలి మాట తప్ప" యని యామె నిట్టూర్చెను.

ఆమె పలుకులో నసత్యము లేదు. వార్ధక్యమున ముందుగా దూరమగునవి హెచ్చుస్థాయి సన్నని ధ్వనులు. స, చ, త వంటి హల్లులు జారిపోవును, అచ్చులు నిలుచును. కావుననే మాట వినబడును గాని తెలియదు. యంత్రము శబ్దమును హెచ్చించునే గాని పడుచుతనపు చెవిని తెచ్చి యీయజాలదు. ఏండ్ల తరబడి మరచిన పంకా రొదయు, గిన్నెల చప్పుడును ఒక్కమారు మీద బడగా మెదడు వానికి మరల నలవాటు పడుటకు కొన్ని వారములు పట్టును.

1999లో కాక్స్, అలెగ్జాండరు అను అమెరికా విదుషీమణు లిరువురు ఈ యంత్రములవలని తృప్తిని గొలుచుటకు 15 ప్రశ్నల పట్టికను రచించిరి. అందలి యంశములు నాలుగు: కలిగిన మేలు, సేవయు ధరయు, చికాకులు, నలుగురిలో తన రూపమును గూర్చిన తలపు. చూచితిరా! వినబడుట యొక్కటియే తృప్తి గాదు. "చెవిటిదందురేమో" యను బిడియము కూడ యంత్రమును పెట్టెలోనికి నెట్టును.

2017 ఏప్రిల్ 1వ తేదీన మన నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేదవృద్ధులకు వినికిడి యంత్రములను గూడ నుచితముగా నిచ్చుటకు పూనుకొన్నది. మంచిదే. కాని యిచ్చుటతో పని తీరదు. చెవికి దగినట్లు సవరించుట, మరల మరల చూపుట ముఖ్యము. వినికిడి లోపము మతిమరపు వ్యాధికి దోహదము చేయు కారణములలో నొకటియని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము కూడ పేర్కొన్నది.

ఇక గృహిణులు చేయదగినవి. మొదట నిశ్శబ్దమైన గదిలో దినమున కొక గంట మాత్రమే పెట్టింపుడు, క్రమముగా పెంచుడు. బజారు, పెండ్లిపందిరి కడపట. యంత్రము కీచుమన్నచో చెవిలో సరిగా కూర్చుండలేదనియో, గులిమి అడ్డుపడినదనియో తెలిసికొని చూపింపుడు. మన డెల్టాలో చెమటయు తేమయు నెక్కువ. స్నానమునకు ముందు తీసి, రాత్రి పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీ వేరుచేసి, తేమను పీల్చు పొట్లముతో మూతగల డబ్బీలో నుంచుడు. బిళ్ల బ్యాటరీలు పసిపిల్లలు మ్రింగిన ప్రాణాపాయము, అందనీయకుడు. మిక్సీని, టీవీని ఆపి, వెలుతురులో ఎదుట గూర్చుండి, అరవక నిదానముగా మాటలాడుడు.

ఆ పిన్నిగారు మరల బెజవాడ వెళ్లి యంత్రమును సవరింపించుకొనిరి. పందిళ్లలో నిప్పటికిని తీసివేయుదురు. కాని సాయంకాలము మనుమరాలు ఎదుట గూర్చుండి బడి ముచ్చటలు చెప్పునప్పుడు తామే యడిగి పెట్టించుకొందురు. సోదరీమణులారా, యంత్రమును కొనువారు కుమారులు కావచ్చును. దానిని పలికించువారము మనమే.